మన వలసలు – నివాసనిర్ణయము

స్థానబలము లేక వృత్తిబలము నిలువదు. తొఱ్ఱూరు మొదలగు ఓరుగంటిసీమ గ్రామములనుండి మన పద్మశాలీలు పొట్టచేతఁ బట్టుకొని షోలాపురము, బొంబాయి, భివండి నగరములకుఁ బోయిరి. ఆ యెంపికలో వివేకము కలదు.

నూలునకుఁ దేమ ప్రాణము. గాలి పొడియైనచోఁ బోఁగు తెగును. గుంటమగ్గమున నేల చల్లఁదనము పడుగును కొంత కాచును. బొంబాయి సముద్రవాయువు నూలునకు మేలొనర్చెను గాని, అచ్చటి యద్దె యింట మగ్గమునకుఁ దావీయలేదు. పెక్కుమంది పురుషులు ఆలుబిడ్డల నూర విడిచి, ఒక్కగదిలోఁ బలువురు తలదాఁచుకొనిరి.

1877లోఁ దొలి మిల్లు వెలసిన షోలాపురము పొడినేల. ఎండ మన సీమ యెండయే. అయినను అచ్చట గృహమును మగ్గమును ఒక్క కప్పుక్రింద నిలుపుకొనఁగలిగిరి. కనుకనే కుటుంబములతోఁ గూడిన తెలుఁగుపేటలు వెలసెను. 1982 నాఁటి బొంబాయి మిల్లుల సమ్మె పిమ్మట మరమగ్గముల పని భివండికి మఱింత తరలెను. అచ్చట సముద్రపుఁ దేమ కలదు. అద్దె బొంబాయికంటెఁ దక్కువ.

మేము గ్రహించిన దిది: వాతావరణము నూలును నిలుపును, ఇంటి వెల సంసారమును నిలుపును. రెండవది తప్పినచోఁ గూలి యెంత వచ్చినను ఇల్లు చీలును. వలసపోవు యువకులు కూలితోపాటు అద్దెను విచారింతురు గాక! వదాన్యులగు పోషకులు పరస్థలములందుఁ గుటుంబసహితముగ నుండఁదగిన వసతిగృహముల నేర్పఱతురు గాక!