వస్త్రవర్ణము, అన్నవర్ణము

విజయనగర ప్రభువుల కాలమునుండి తెలుగువారు పలువురు దక్షిణమునకు వచ్చి మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడిరి. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో మొదలైన మధుర నాయకరాజ్యము 1736లో అంతరించినది. రాజ్యము పోయినను మన యిండ్లలో తెలుగు మాట మిగిలినది. ఈ సీమలో నేత, అద్దకము పెద్ద వృత్తులు. మధురలో సౌరాష్ట్రులు సుంగుడి చీరలకు ముడులు వేసి రంగులద్దిరి. కోయంబత్తూరు ప్రాంతమున దేవాంగులు మగ్గములు నడపిరి. కావున రంగు మనకు క్రొత్తది కాదు. అయితే బట్టకు వేయు రంగు వేరు, వంటకు వేయు రంగు వేరు. నీలి, చిరివేరు, మంజిష్ఠ బట్టలకు, కుంకుమపువ్వు వంటకు, పసుపొక్కటి రెండింటికిని చెల్లెడిది. ఈ భేదము ఎట్లు చెరిగినదో, చట్టము దానిని మరల ఎట్లు నిలుపజూచినదో విన్నవించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

1856లో లండనున విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి కృత్రిమముగా క్వినైను చేయబోయి, బొగ్గుతారు సరకునుండి ఊదారంగును కనుగొనెను. 1868లో జర్మను రసాయనజ్ఞులు మంజిష్ఠలోని యెఱుపును, 1897 నాటికి అచ్చటి కర్మాగారములు నీలిని కృత్రిమముగా తయారుచేసినవి. మన నీలిసాగు దెబ్బతినినది. క్రొత్త రంగులు చవుక. చిటికెడు వేసిన చాలును. ఆ సౌలభ్యమే వానిని అద్దకపు తొట్టినుండి మిఠాయి బాణలిలోనికి తెచ్చినది. వెన్నకు వేసెడి యొక పసుపురంగు ఎలుకలకు కాలేయమున పుండుగడ్డలు కలిగించుచున్నదని 1930 దశకమున జపాను పరిశోధకులు కనుగొనిన తరువాత లోకము మేలుకొన్నది.

మన మద్రాసు రాజధానిలో ఆహార కల్తీని నిషేధించు చట్టము 1918లోనే వచ్చినది. 1954లో దేశమంతటికి ఒక చట్టమేర్పడి, 1955లో అమలునకు వచ్చెను. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా చట్టము వచ్చినది. 2011 నిబంధనలు ఎనిమిది కృత్రిమవర్ణములను మాత్రమే, అదియు మిఠాయిలు, బిస్కత్తులు, పానీయములు మొదలగు కొన్నింటిలోనే అనుమతించినవి. సాధారణముగా వాని మోతాదు కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. పసుపుపొడి, కారము, పప్పులలో వీనికి తావులేదు.

పట్టికలో లేని రంగులే పెద్ద ముప్పు. పసుపులోను, లడ్డులలోను పట్టుబడుచు వచ్చిన మెటానిల్ ఎల్లో అద్దకపు సరకు. బట్టలకును కాగితములకును వేయు రోడమిన్-బి పీచుమిఠాయిలో బయటపడగా, 2024 ఫిబ్రవరిలో మొదట పుదుచ్చేరి, పిదప 17వ తేదీన తమిళనాడు ప్రభుత్వము దాని విక్రయమును నిషేధించినవి. మనము వీథులలో పంజుమిట్టాయి యని పిలుచునది అదియే.

అనుమతి యనునదియు శాశ్వతము కాదు. అమెరికా 1976లో అమరాంత్ అను ఎఱుపును తొలగించినది. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమువారు కొన్ని రంగులు, సోడియం బెంజోయేటు కలిపిన పానీయము త్రాగిన పిల్లలలో చాంచల్యము కొంత హెచ్చినట్లు చూపిరి. నేరము రంగుదో, కలిపిన మందుదో ఆ పరీక్ష తేల్చలేదు. అయినను 2010 నుండి ఐరోపాలో ఆ రంగులున్న పొట్లములపై హెచ్చరిక ముద్రింపవలసి వచ్చినది. 2025 జనవరిలో అమెరికా ఎరిత్రోసిన్ అనుమతిని రద్దుచేసినది. ఎలుకలలో కనబడిన హాని మానవులలో రుజువు కాకపోయినను, జంతువులకు కాన్సరు కలిగించు రంగును అచ్చటి చట్టము సహింపదు. మన 2011 పట్టికలోని ఎనిమిదింటిలో ఎరిత్రోసిన్ ఒకటి. కావున భయపడి అన్నియు విషమే యనుటయు, ప్రభుత్వము ఒప్పినది గదా యని నిశ్చింతగా నుండుటయు రెండును తగవు.

తిరునాళ్ల మరునాడు మా తరగతిలో పిల్లల నాలుకలు ఇంకను గులాబిరంగుననే యుండుట నేను చూచితిని. బట్టకు రంగు నిలువవలెను, నాలుకకు నిలువరాదు. ఆనాడు పాఠము నాపి, పొట్లములపై ముద్రించు అంకెలను నల్లబల్లపై వ్రాసితిని: 102, 110, 122, 124, 127, 132, 133, 143. ఇవియే ఆ ఎనిమిది రంగుల గుర్తులు. మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో తమిళము, పొట్లముపై ఇంగ్లీషు చూచుచున్నారు. మన యవ్వలలో పెక్కుమందికి ఆ మూడు లిపులలో ఏదియు రాదు. కాని అంకెలకు భాషాభేదము లేదు. చదువుకొన్న మనుమడు చదివి చెప్పిన అవ్వ వినును.

పొట్లములేని విడిసరకునకు ఆ గుర్తులును ఉండవు. అచ్చట మితిమీరి మెరయు రంగునే హెచ్చరికగా నెంచవలెను. శుభకార్యములలో కేసరికి పొడిరంగు మాని కుంకుమపువ్వు వేయుడు. అది దొరకనిచో తెల్లగనే వడ్డింపుడు. రంగు తగ్గినంత మాత్రమున రుచి తగ్గదు. మన పెద్దలు పాటించిన ఆ భేదమును మన పిల్లలకు అప్పగించుట మన విధి.