ఇంజిన్ వేడి చెప్పే ముల్లు

మొదట్లో వచ్చిన కొన్ని వేల కార్లను పక్కన పెడితే, ఫోర్డ్ మోడల్ టీకి వాటర్ పంపు లేదు. వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, చల్లబడ్డ నీరు కిందికి దిగుతుంది. ఆ కదలికతోనే రేడియేటర్ పని నడిచిపోయేది. చదును రోడ్డు మీద ఇబ్బంది ఉండేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నీళ్లు మరిగి మూత దగ్గర ఆవిరి చిమ్మేది. ఇంజిన్ హీటెక్కిందన్న సంగతి డ్రైవరుకు తెలిసేది అప్పుడే, అంటే జరగాల్సిన నష్టం మొదలయ్యాక.

ఈ చిక్కుకు 1910లలో విరుగుడు తెచ్చినవాడు హ్యారిసన్ బాయ్స్. న్యూయార్క్‌లోని లాంగ్ ఐలండ్ సిటీలో మోటోమీటర్ కంపెనీ తయారుచేసిన ఆ సాధనం రేడియేటర్ మూత మీదే నిలబడేది. గుండ్రటి చట్రం, మధ్యలో గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం. డ్రైవరు సీట్లో కూర్చునే, బానెట్ చివర ఆ ఎర్ర గీత ఎంత ఎత్తుకు వచ్చిందో చూసుకునేవాడు. అది కొలిచేది నీటి వేడిని కాదు, నీటి పైన నిండిన ఆవిరి వేడిని. ఎన్నో కార్ల కంపెనీలు తమ పేరు ముద్రించిన మోటోమీటర్లు వాడాయి. కారుకు అది అలంకారం కూడా అయింది.

అయితే మీటరు ఎండకూ వానకూ బయటే ఉండేది. చీకటి పడితే కనిపించేది కాదు. కొన్నాళ్లకు రేడియేటర్ మూత కూడా బానెట్ కిందికి వెళ్లిపోయింది. వేడి కబురు డ్రైవరు కళ్ల ముందుకు, డాష్‌బోర్డులోకి రావాల్సి వచ్చింది.

దారి చూపిన సూత్రం అప్పటికే పాతది. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న ప్రెషర్ గేజ్‌లో, వంచిన పలుచని లోహపు గొట్టం ఒత్తిడి పెరిగేకొద్దీ నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలిక ముల్లును తిప్పుతుంది. దీనికి ఒక చివర ఈథర్ నింపిన చిన్న బల్బును జతచేశారు. బల్బు ఇంజిన్ నీళ్లలో మునిగి ఉంటుంది. అక్కడి నుంచి వెంట్రుకంత సన్నని రంధ్రమున్న రాగి గొట్టం, అంటే కేపిలరీ, డాష్‌బోర్డు దాకా వస్తుంది. నీళ్లు వేడెక్కితే ఈథర్ ఆవిరై ఒత్తిడి పెంచుతుంది, ముల్లు లేస్తుంది. కరెంటుతో పనే లేదు.

లండన్‌లో గడియారాల వ్యాపారంతో మొదలైన స్మిత్స్ సంస్థ ఇలాంటి గేజ్‌లను బ్రిటిష్ కార్లకు విరివిగా అందించింది. 1955లో వచ్చిన ఎంజీఏ కారులో ఒకే డయల్‌లో రెండు ముళ్లుంటాయి, ఒకటి ఆయిల్ ప్రెషర్‌కు, ఒకటి నీటి వేడికి. వేడి వైపు అంకెలను దగ్గరగా చూడండి. చల్లటి కొసన గీతలు ఇరుగ్గా, వేడి కొసకు వెళ్లేకొద్దీ ఎడంగా కనిపిస్తాయి. ఈథర్ ఆవిరి ఒత్తిడి వేడితోపాటు సమానంగా పెరగదు, పైకి వెళ్లేకొద్దీ అందుకుంటుంది. కాబట్టే ప్రమాదం దగ్గరపడే చోట ముల్లు మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. ఆ తర్వాత వచ్చిన చాలా మీటర్లకు ఈ గుణం లేదు.

ఈ గేజ్‌ల చావు సాధారణంగా మెకానిక్ చేతుల్లోనే. ఏళ్ల తరబడి తుప్పు పట్టి బల్బు ఇంజిన్‌కు బిగుసుకుపోతుంది. నట్టు తిప్పితే దానితోపాటు కేపిలరీ మెలిపడి తెగుతుంది. ఈథర్ ఆవిరైపోతుంది, ముల్లు అడుగున పడి మళ్లీ లేవదు. గేజ్ లోపలి భాగాలన్నీ బాగానే ఉన్నా చాలామంది దాన్ని తీసి పారేసేది ఇక్కడే.

ప్రాణం పోసే పద్ధతి ఒకటి పాత కార్ల మరమ్మతుదారుల దగ్గర చాలాకాలంగా ఉంది. ఈథర్‌తోనే పనిచేసే చవక కొత్త గేజ్ ఒకటి కొంటారు. దాని బల్బును ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో పాతిపెడతారు. మంచు ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి దిగడంతో, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ ద్రవంగా బల్బులోనే అణిగి ఉంటుంది. అప్పుడు కొత్త కేపిలరీని కత్తిరించి, పాత గేజ్ నుంచి వచ్చే గొట్టానికి చిన్న రాగి తొడుగుతో కలిపి టంకం వేస్తారు. టంకం రంధ్రంలోకి జారితే శ్రమంతా వృథా. ఈథర్ ఇట్టే అంటుకునే పదార్థం కాబట్టి మంట దగ్గరికి రానివ్వకుండా, గాలి ఆడే చోట ఈ పని చేయాలి. గొట్టం పొడవు మారినా కొలతకు ఇబ్బంది లేదు. ఒత్తిడిని నిర్ణయించేది బల్బులోని వేడి ఒక్కటే.

చివరి పరీక్ష మరిగే నీళ్లలో. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విశాఖ తీరంలో సరిపోయిన ముల్లు ఇక్కడ కాస్త కింద ఆగితే అది గేజ్ తప్పు కాదు.

1960లలో బ్రిటిష్ కార్లలో కరెంటు గేజ్‌లు ముందుకొచ్చాయి. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్‌లోనే నీటి వేడికి ఎలక్ట్రిక్ మీటరు ఉంది. ఇంజిన్‌లో వేడిని పసిగట్టే సెండర్, డాష్‌బోర్డులో వేడికి వంగే రెండు లోహాల పట్టీ, వాటికి నిలకడైన కరెంటు ఇచ్చే చిన్న స్టెబిలైజర్. స్మిత్స్ పద్ధతిలో అది సగటున 10 వోల్టులు ఇస్తుంది. పెట్రోలు ముల్లు, వేడి ముల్లు ఒకేసారి తప్పు చూపిస్తే మొదట అనుమానించాల్సింది ఆ డబ్బానే. సెండర్ మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఎర్తు సరిగా అందక ముల్లు తడబడుతుంది.

వైర్లతో పని తేలికైంది, తయారీ ఖర్చు తగ్గింది, నిజమే. కానీ 1990లు వచ్చేసరికి ముల్లు మధ్యలోనే నిలిచి ఉండేలా చాలా కార్లలో కావాలనే అమర్చారు. నీటి వేడి ఇరవై డిగ్రీలు అటూ ఇటూ మారినా డ్రైవరుకు తెలియదు. ఇప్పుడు అనేక కార్లలో ముల్లే లేదు, హెచ్చరిక దీపం ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో ఆ పాత ఈథర్ గేజ్‌దే పైచేయి.

మీ ఇంట్లోనో, తెలిసినవారి షెడ్డులోనో అలాంటి కారు ఉంటే, ముల్లు పడిపోయిన గేజ్‌ను పాత ఇనుము బండికి వేయకండి. కేపిలరీని గేజ్ మొదట్లోకి కత్తిరించకండి. టంకం వేయడానికి ఓ జానెడు గొట్టం మిగిలితే చాలు, బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు.