బంగారు రేణువుల గణనము

లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1850ల నడిమి కాలమున మైకేల్ ఫారడే బంగారమును నీటియందు అతిసూక్ష్మముగ విభజించి సిద్ధపఱచిన కెంపువన్నె ద్రవము, కంటికి నిర్మలమైన రసమువలెనే తోచినను, కాంతిపుంజమును దానిలోనికి పంపి ప్రక్కనుండి చూచినప్పుడు ఆ కిరణమార్గము స్పష్టముగ వెలుగుచుండుటచే, అందు లోహము కరగి మాయము కాక రేణురూపమున నిలిచియే యున్నదని యాతడు నిశ్చయించెను. ఈ దృగ్విషయమునకు మాత్రము తరువాత దానిని విస్తారముగ పరిశోధించిన టిండాలు పేరే స్థిరపడినది. కీర్తి పంపకములు పలుమాఱు లిట్లే యుండును.

రేణువు లున్నవని తెలిసెను గాని, వాని పరిమాణ మెంత? 1903లో జర్మనీ దేశపు యేనా పట్టణమున జీస్ సంస్థకు చెందిన సీడెంటాఫ్, కెంపు గాజును పరిశోధించుచుండిన జిగ్మాండీ కలసి ప్రకటించిన అతిసూక్ష్మదర్శిని ఆ కొఱతను తీర్చెను. సన్నని చీలికగుండ తీక్ష్ణకాంతిని ప్రక్కనుండి ప్రసరింపజేసి, దానికి లంబదిశలో సూక్ష్మదర్శినితో చూచినచో, రేణువుల ఆకృతి గోచరింపకున్నను, ఒక్కొక్కటియు చీకటిలో మెఱయు చుక్కయై కానవచ్చును. నియతమైన ఘనపరిమాణములోని చుక్కలను లెక్కించి, అందున్న బంగారపు ద్రవ్యరాశి ముందే తెలిసియుండుటచే, ఒక్క రేణువు పాలికి వచ్చు ద్రవ్యరాశిని, దానినుండి సాంద్రత ననుసరించి సగటు పరిమాణమును గణించిరి. ఆకారము కానరాని వస్తువును లెక్కపెట్టి కొలుచుట యను నీ యుపాయము, నా దృష్టిలో, యంత్రముకంటెను అద్భుతమైనది. జిగ్మాండీకి 1925వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

1908లో గ్రైఫ్స్‌వాల్డు విశ్వవిద్యాలయమున గుస్తావ్ మీ, మాక్స్‌వెల్ సమీకరణములనుండి గోళాకార రేణువులు కాంతిని చెదరగొట్టు తీరును సాధించి, ఆ ద్రవముల వర్ణభేదమునకు హేతువు చూపెను. అయినను ఒక్కొక్క పరిమాణమునకును దీర్ఘశ్రేణులను చేతితో కూడవలసి యుండుటచే, గణనయంత్రములు వచ్చువఱకు ఆ సిద్ధాంతము నాశ్రయించినవారు కొలదిమందియే.