మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్ సేవల ఖర్చు

సర్వరు, డిస్కు, బ్యాకప్, ప్యాచింగ్, ఒక యంత్రం పడిపోతే ఆ పనిని మరొకటి అందుకునే ఏర్పాటు వంటివన్నీ క్లౌడ్ సంస్థే చూసుకుంటూ, డేటాబేస్‌ను మాత్రం వాడుకోవడానికి అద్దెకిచ్చే సేవను మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్ అంటారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2009 అక్టోబరులో మైఎస్‌క్యూఎల్‌తో మొదలుపెట్టిన ఆర్‌డీఎస్ ఈ కోవలో తొలితరం సేవ. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ అజూర్ 2010లో, గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్ 2011లో వచ్చాయి. ధరల పట్టికలు ఎంత వేర్వేరుగా కనిపించినా, వీటన్నిటి బిల్లులోనూ డేటాబేస్ ఉన్నందుకు కట్టేది కొంత, అది పనిచేసినందుకు కట్టేది కొంత ఉంటాయి. రెండో భాగం ఎంతవుతుందో తేల్చేది ధరల పట్టిక కాదు, అప్లికేషన్‌ను రాసిన తీరు. కింది ఉదాహరణలు అమెజాన్ సేవలవి. ధరలు అమెరికాలోని ఉత్తర వర్జీనియా రీజియన్‌వి. ఇవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి.

గంట అద్దె

రెండు వర్చువల్ సీపీయూలు, 8 జీబీ మెమరీ ఉన్న ఎం5 లార్జ్ యంత్రాన్ని మామూలు లినక్స్ సర్వరుగా తీసుకుంటే గంటకు 0.096 డాలర్లు. అదే యంత్రం మీద మైఎస్‌క్యూఎల్ ఆర్‌డీఎస్ తీసుకుంటే 0.171 డాలర్లు. డిస్కు ఖర్చు రెండింటికీ విడిగానే ఉంటుంది కాబట్టి, ఈ ముప్పావు వంతు పైచిలుకు తేడా నిర్వహణకు కట్టే కూలి. ఒక్క డేటాబేస్ నిర్వాహకుణ్ని (డీబీఏ) కూడా పెట్టుకోలేని చిన్న సంస్థకు నెలకు 55 డాలర్ల ఈ అదనం చవకే. పెద్ద యంత్రాలు డజన్ల కొద్దీ నడిపే సంస్థకు లెక్క తిరగబడుతుంది. బేస్‌క్యాంప్‌ను తయారుచేసిన 37సిగ్నల్స్ సంస్థ క్లౌడ్ నుంచి బయటికి వస్తున్నట్టు 2022లో ప్రకటించినప్పుడు, డేటాబేస్, సెర్చ్ సేవలకే ఏడాదికి 5 లక్షల డాలర్లకు పైగా కడుతున్నామని రాసింది.

మరో డేటా సెంటర్ సముదాయంలో (జోన్‌లో) నకలును సిద్ధంగా ఉంచే మల్టీ ఏజెడ్ ఏర్పాటు ఎంచుకుంటే యంత్రం అద్దె, డిస్కు అద్దె రెండూ రెట్టింపవుతాయి. నెలకు 730 గంటల లెక్కన పై యంత్రం అద్దె 125 డాలర్ల నుంచి 250కి చేరుతుంది. ఒకే స్టాండ్‌బై ఉన్న ఏర్పాటులో ఆ రెండో యంత్రం మామూలు రోజుల్లో ఒక్క రీడ్‌కు కూడా జవాబివ్వదు. రీడ్‌ల భారం తగ్గించుకోవాలంటే రెప్లికాను మళ్లీ విడిగా అద్దెకు తీసుకోవాలి.

టెస్టింగ్‌కు పెట్టుకున్న డేటాబేస్‌ను వారానికి ఐదు రోజులు, రోజుకు పది గంటలు నడిపితే చాలు. 168 గంటలకు గాను 50 గంటల అద్దె పడుతుంది. అయితే ఆపిన ఆర్‌డీఎస్ ఏడు రోజుల తర్వాత తనంతట తానే మొదలవుతుంది. ఆగి ఉన్నప్పుడూ డిస్కు, బ్యాకప్‌ల అద్దె ఆగదు. ఏడాదికో మూడేళ్లకో ముందే ఒప్పుకుంటే రిజర్వుడ్ తగ్గింపు దొరుకుతుంది కానీ, కావలసిన దానికన్నా పెద్ద యంత్రానికి మూడేళ్ల ఒప్పందం చేసుకుంటే ఆ వృథాకు కూడా కట్టుబడినట్టే. సైజు తగ్గించుకున్నాకే ఒప్పందం గురించి ఆలోచించడం మేలు.

డిస్కు, ఐఓ

మామూలు ఆర్‌డీఎస్‌లో వాడిన డిస్కుకు కాదు, కేటాయించుకున్న డిస్కుకు కట్టాలి. జనరల్ పర్పస్ ఎస్‌ఎస్‌డీ జీబీకి నెలకు 0.115 డాలర్లు. కేటాయింపును పెంచడం తేలిక, నేరుగా తగ్గించడం కుదరదు. 2015లో అందుబాటులోకి వచ్చిన అమెజాన్ సొంత డేటాబేస్ అరోరా దీనికి భిన్నం. డేటాను మూడు జోన్లలో ఆరు నకళ్లుగా ఉంచుతుంది, అద్దె మాత్రం వాడిన మేరకు ఒక్క నకలుకే, జీబీకి 0.10 డాలర్లు. కానీ స్టాండర్డ్ పద్ధతిలో పది లక్షల ఐఓలకు, అంటే డిస్కు నుంచి చదవడాలకూ డిస్కుకు రాయడాలకూ, 0.20 డాలర్లు అదనంగా పడుతుంది.

ఇరవై సెంట్లే కదా అనిపిస్తుంది. అరోరా మైఎస్‌క్యూఎల్ ఒక్కో ఐఓకు 16 కేబీ పేజీ చదువుతుంది. ఇండెక్స్ లేని ఒక క్వెరీ మెమరీలో పట్టని 10 జీబీ టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివితే దాదాపు 6.55 లక్షల ఐఓలు, అంటే 13 సెంట్లు. దాన్ని ఎవరో నిమిషానికోసారి నడిచే జాబ్‌లో పెడితే రోజుకు 189 డాలర్లు, నెలకు 5,600 దాటుతుంది. ఇండెక్స్ ఉంటే అదే జవాబు నాలుగైదు పేజీల్లో వచ్చేది. ఈ బాధ తప్పించడానికి అమెజాన్ 2023 మేలో ఐఓ ఆప్టిమైజ్డ్ పద్ధతి తెచ్చింది. అందులో ఐఓకు విడిగా కట్టనక్కర్లేదు, కానీ యంత్రం, డిస్కు అద్దెలు పెరుగుతాయి. అరోరా ఖర్చులో ఐఓ వాటా 25 శాతం దాటినప్పుడు ఇది లాభమని అమెజానే చెబుతుంది. చెడ్డ క్వెరీని ఈ పద్ధతి బాగుచేయదు, బిల్లులో కనపడకుండా చేస్తుంది.

2012 నాటి డైనమోడీబీలో యంత్రమే కనపడదు, ప్రధానంగా చదివినదానికీ రాసినదానికీ లెక్క. రీడ్‌ను 4 కేబీల చొప్పున, రైట్‌ను 1 కేబీ చొప్పున కొలుస్తారు. పక్కా తాజా రీడ్ అక్కర్లేదనుకుంటే ధర సగమే. డేటాతో పాటు అట్రిబ్యూట్ పేర్లూ సైజులోకి వస్తాయి కాబట్టి పొడుగు పేర్లు పెట్టే అలవాటుకు ఇక్కడ వెల ఉంది. స్కాన్‌కు ఫిల్టర్ పెట్టినా ఫిల్టర్‌కు ముందు చదివినదంతటికీ చార్జీ పడుతుంది. ముందుగా సామర్థ్యం కేటాయించుకోనక్కర్లేని ఆన్ డిమాండ్ పద్ధతి 2018లో వచ్చింది. 2024 నవంబరులో దాని ధర సగానికి తగ్గింది.

చిల్లర పద్దులు

ఆర్‌డీఎస్‌లో డేటాబేస్ డిస్కు సైజుకు సమానమైనంత బ్యాకప్ ఉచితం. డేటాబేస్‌ను తీసేసినా చేత్తో తీసిన స్నాప్‌షాట్లు ఉండిపోతాయి, వాటి అద్దె నడుస్తూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లోకి వెళ్లే డేటాకు నెలకు మొదటి 100 జీబీ ఉచితం, తర్వాత జీబీకి 9 సెంట్ల నుంచి మొదలు. అప్లికేషన్ ఒక జోన్‌లో, డేటాబేస్ మరో జోన్‌లో ఉంటే జీబీకి ఒక్కో దిశలో ఒక సెంటు.

వీటిలో చాలామంది ఊహించనిది పాత వెర్షన్ల మీద వేసే ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ చార్జీ. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి మారని ఆర్‌డీఎస్ డేటాబేస్‌లకు 2024 మార్చి నుంచి ఒక్కో వర్చువల్ సీపీయూకు గంటకు 10 సెంట్లు వేయడం మొదలుపెట్టారు. ముందు చెప్పిన ఎం5 లార్జ్‌కు అది గంటకు 20 సెంట్లు, యంత్రం అద్దె కంటే ఎక్కువ. మూడో ఏడు రేటు రెట్టింపు.

భారత్‌లో

అమెజాన్ ముంబయి రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి. ధరలు రీజియన్‌ను బట్టి మారతాయి కాబట్టి వర్జీనియా అంకెలతో బడ్జెట్ వేయకూడదు. అప్లికేషన్‌ను హైదరాబాద్‌లో, డేటాబేస్‌ను ముంబయిలో ఉంచితే రెండు రీజియన్ల మధ్య తిరిగే డేటాకు చార్జీ పడుతుంది, జవాబూ ఆలస్యమవుతుంది. బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. రిజిస్టరైన వ్యాపారాలు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద సర్దుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేనివారికి అది పూర్తిగా ఖర్చే.