దుమ్ముగూడెపు ఆనకట్టయు ఒక రాజుగారి ఉద్యోగత్యాగమును

భద్రాచలమునకు ఎగువను గోదావరి శిలాసంకులమై, పడవలకు దుర్గమమై ప్రవహించు తావున దుమ్ముగూడెము కలదు. ఆంగ్లేయ ఇంజనీర్లు ఈ రాళ్ల పట్టును నదీయానమునకు మొదటి అడ్డంకిగాను, ఇచ్చంపల్లి యొద్దిదానిని రెండవదిగాను, దేవలమర్రి యొద్దిదానిని మూడవదిగాను లెక్కించిరి. ధవళేశ్వరమున 1852 నాటికి ఆనకట్ట ముగించిన ఆర్థరు కాటనునకు, నాగపురము, బేరారు సీమల ప్రత్తిని ఈ నదిమీదుగనే సముద్రతీరమునకు దింపవలెనన్న పట్టుదల యుండెను. ఆయన యనుచరుడైన లెఫ్టినెంటు ఎఫ్. టి. హేగు 1856లో గోదావరి నౌకాయాన యోగ్యతను గూర్చి నివేదిక వ్రాసెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైనప్పుడు ఈ పథకమునకు మఱింత గిరాకి కలిగెను. దుమ్ముగూడెమున ఆనకట్ట, కాలువ, లాకులు లేచినవి. వానితో కూలీల గుడిసెలు, సామానుల కొట్టులు, మన్యపు జ్వరమును.

ఆ జనసమ్మర్దములో హేగు దొర చేసినది రాళ్లపని యొక్కటే కాదు. తన క్రిందివారితో కూడి ప్రార్థనలు సలిపి, చుట్టుపట్ల అడవులలోని కోయలకు సువార్త చెప్పువారిని పంపుమని చర్చి మిషనరీ సంఘమును కోరెను. కోరిన వెంటనే తగినంత సాయము దొరకలేదు. దొరకిన మనుష్యుడు హేగు కొలువులోనివాడే: సామానుల విభాగమున ఉద్యోగియైన వెంకటరామరాజుగారు. క్షత్రియకులజుడు, సర్కారు జీతగాడు. ఆయన ఆ ప్రార్థనలకు వచ్చుచు, 1860 ప్రాంతమున బాప్తిస్మము పొంది, పిమ్మట ఉద్యోగమును విడిచి కోయలలో పనిచేయుటకు పూనుకొనెను. తదనంతరము గురుపట్టమును పొందెను.

తెలుగు క్రైస్తవులు యేసు అడుగుజాడలలో నడచుట యని తఱచుగా చెప్పుకొందురు. మిషను చరిత్రలలో ఈ మాటకు ఉదాహరణముగా హేగు పేరే ముందు వినబడును. అది అన్యాయమనను గాని, తూకము సరిగా లేదని మాత్రము నా తలంపు. హేగునకు మతము మాఱవలసిన పనిలేదు, కులము పోవునను భయములేదు, కొలువు కొలువుగనే నిలిచెను. రాజుగారికి మూడును ఒక్క నిర్ణయమున ఇమిడియుండెను. మతము మాఱినవానికి వారసత్వపు ఆస్తి పోకుండ 1850 నాటి 21వ చట్టము అడ్డుపడునుగాక; పంక్తిలో విస్తరి వేయింపగల చట్టము ఏ ప్రభుత్వమును చేయలేదు. సుంకపుమెట్టునుండి లేచిపోయిన మత్తయి కథ చదువుకొన్నవారికి ఈ సామానుల కొట్టు ఉద్యోగి కథ వింత కాదు. అయితే మత్తయి యూళ్లో మన్యపు జ్వరములేదు.

ఇందొక ముచ్చట చెప్పక పోలేను. దుమ్ముగూడెమునకు కూతవేటు దూరమున గాకపోయినను దిగువనే యున్న భద్రాచలములో, రెండువందల యేండ్లకు పూర్వము మఱియొక సర్కారు ఉద్యోగి, కంచెర్ల గోపన్న, దైవమునకును ప్రభువునకును నడుమ చిక్కి గోలకొండ చెఱను అనుభవించెను. ఆయన ప్రభువు పైకమును స్వామికి వెచ్చించెను. రాజుగారు ప్రభువు జీతమునే స్వామికొఱకు వదలుకొనెను. రెండు మార్గములకును పోలిక ఎంతయో, భేదమును అంతయే. గోదావరి ఒడ్డున భక్తి ఎప్పుడును ఖాతాపుస్తకముల చెంతనే పరీక్షకు నిలువవలసి వచ్చినది కాబోలు!

1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పనులను మానివేసెను. లక్షల రూపాయల ఖర్చు రాళ్లలో నిలిచెను, కూలీలు చెదరిరి. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి చెన్నపురి రాజధానిలోని గోదావరి మండలమునకు చేరినవి. 1879 నాటి రంపపితూరి ఈ సీమను తాకినది. ప్రత్తిపడవలకై వెలసిన మజిలీయందు ప్రత్తిలేదు, పడవలేదు, మిషను మాత్రము మిగిలెను. కారణమేమనగా, దాని పని లాకులమీద గాక మనుష్యులమీద ఆధారపడియుండెను. అయితే ఫలము త్వరగా పండలేదు. పోడు వ్యవసాయముతో ఊళ్లు మార్చుకొను కోయలు తమ వేల్పులను, భూమిపండుగను, ఇప్పసారాను తేలికగా వదలలేదు; క్రైస్తవసంఘమున చేరినవారిలో కోయలు చాలకాలము కొలదిమందియే.

ఈ నెమ్మదితనమే మంచిదైనదేమో. 1870వ దశకమునుండి దీర్ఘకాలము దుమ్ముగూడెమున వసించిన మిషనరీ జాన్ కెయిను, కోయల ఆచారములను ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్రాసెను. తరువాతి గెజిటీరు రచయితలకును, దక్షిణదేశపు కులములను గూర్చి వ్రాసిన ఎడ్గారు థర్‌స్టనుకును ఆయన వ్రాతలే ఆధారమైనవి. ఉపదేశించుటకు ముందు ఆలకింపవలెనని ఆయనకు అడవి నేర్పినది. కొలువు విరమించి సేనానియైన హేగు లూకా సువార్తను కోయభాషలోనికి దింపగా, అది 1880వ దశకమున అచ్చయ్యెను. తెలుగువాడు కోయపలుకులో ప్రసంగించుటయు, ఆంగ్లేయ సేనాని ఆ భాషలో వాక్యములు కూర్చుటయు ఆ కాలపు వినయమునకు గుర్తులే.

1912లో దోర్నకల్ అధ్యక్షమండలము ఏర్పడి వేదనాయకము సామ్యూలు అజరయ్య ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయినప్పుడు, తెల్లవారి చేతిలోని పని మనవారి చేతికి వచ్చినదని అందఱును సంతోషించిరి. ఆ సంతోషమునకు దశాబ్దముల ముందే, దుమ్ముగూడెపు గుడిసెలలో ఒక తెలుగు రాజుగారు ఆ పనిని భుజముపై మోసియుండిరి.