కయ్యం నుంచి వియ్యం దాకా: ఎనిమీస్ టు లవర్స్ నవలలు

ఎనిమీస్ టు లవర్స్ ఇంగ్లిష్ ప్రేమ నవలల్లో ఒక శాఖ. మొదట్లో ఒకరి పొడ ఒకరికి గిట్టని నాయికా నాయకులు కథ ముగిసేసరికి జంటవుతారు. నవల పుట్టకముందే నాటకంలో ఇది ఉంది. షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ 1600లో అచ్చయింది. అందులో బియాట్రిస్, బెనెడిక్ మాటకు మాట అప్పజెప్పుకుంటూనే దగ్గరవుతారు. అదే రచయిత ‘ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ’లో మాత్రం పెట్రూచియో భార్యను తిననివ్వక, పడుకోనివ్వక దారికి తెస్తాడు. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఈ శాఖలో ఏ నవల నిలుస్తుందో, ఏది చదువుతుంటే మనసు చివుక్కుమంటుందో తేల్చేది చాలావరకు ఆ సమవుజ్జీతనమే.

శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘పమేలా’ (1740)లో అది బొత్తిగా లేదు. యజమాని పనిపిల్లను వేధిస్తాడు, బంధిస్తాడు, ఆమె లొంగకపోవడంతో చివరికి పెళ్లాడతాడు. ఆ పెళ్లిని నవల ఆమె శీలానికి దక్కిన బహుమానంగా చూపింది.

జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) దారి మార్చింది. ఎలిజబెత్ కుటుంబం తన అంతస్తుకు తగదని చెబుతూనే డార్సీ ఆమెను పెళ్లికి అడుగుతాడు. ఆమె మొహం మీదే కాదంటుంది. మర్నాడు అతను ఒక ఉత్తరం చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. పెళ్లి మాట మళ్లీ ఎత్తనని మొదట్లోనే రాసి, ఆమె మోపిన నిందలకు జవాబు మాత్రం చెబుతాడు. ఎలిజబెత్ దాన్ని మళ్లీ మళ్లీ చదివి, డార్సీ గురించి వికమ్ చెప్పిన మాటలు నమ్మి తానెంత తొందరపడిందో గ్రహిస్తుంది. తర్వాత ఆమె చెల్లెలు లిడియా అదే వికమ్‌తో లేచిపోతే, డార్సీ లండన్‌లో వాళ్లను వెతికి పట్టుకుని, అతని అప్పులు తీర్చి పెళ్లి జరిపిస్తాడు. తన పేరు బయటికి రానివ్వడు. ఎలిజబెత్‌కు సంగతంతా తెలిసేది మేనమామ భార్య రాసిన ఉత్తరంతోనే. చేసిన మేలుకు ప్రతిఫలం ఆశించని నాయకుణ్ణి ఇంత నిబ్బరంగా చిత్రించిన నవలలు ఆ తర్వాతా అరుదే.

ఎలిజబెత్ గాస్కెల్ ‘నార్త్ అండ్ సౌత్’ 1854-55లో ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఇక్కడ తగాదా అపార్థంతో వచ్చింది కాదు. మిల్లు యజమాని థార్న్‌టన్‌కూ, కార్మికుల పక్షం మాట్లాడే మార్గరెట్‌కూ సమ్మె గురించి నిజంగానే పొసగదు. మొదట పని లేదు పొమ్మన్న కార్మిక నాయకుడు హిగిన్స్ ఇంటికి థార్న్‌టన్ తర్వాత తానే వెళ్లి పనిలోకి రమ్మంటాడు. చివర్లో మిల్లు దెబ్బతిని అతను చేతులెత్తేసే సమయానికి, వారసత్వంగా ఆస్తి వచ్చిన మార్గరెట్ అప్పిస్తానంటుంది. త్రాసు రెండో వైపుకు మొగ్గాకే వాళ్లు ఒకటవుతారు.

ఇరవయ్యో శతాబ్దం మళ్లీ వెనక్కి నడిచింది. ఇ. ఎం. హల్ ‘ద షేక్’ (1919)లో నాయిక తనను ఎత్తుకుపోయి బలాత్కరించినవాణ్ణే ప్రేమిస్తుంది; 1921లో రుడాల్ఫ్ వాలెంటినో నటించిన సినిమా దానికి మరింత ప్రచారం తెచ్చింది. లక్షల ప్రతులు అమ్ముడైన కాథ్లీన్ వుడివిస్ ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’ (1972)లోనూ బంధం అత్యాచారంతోనే మొదలవుతుంది. దాన్ని శత్రుత్వమనడం నేరానికి మర్యాద చేయడమే. అమెరికాలో ప్రేమ నవలల పాఠకురాళ్లతో మాట్లాడి జానిస్ రాడ్‌వే రాసిన ‘రీడింగ్ ద రొమాన్స్’ 1984లో వెలువడింది. క్రూరుడైన నాయకుణ్ణి వాళ్లు మెచ్చలేదని, ఆప్యాయత చూపేవాణ్ణే కోరుకున్నారని ఆ పుస్తకం నమోదు చేసింది.

తెలుగులో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఈ శాఖకు దగ్గరి చుట్టం. యజమాని రాజశేఖరం, ఉద్యోగిని జయంతి. మధ్యలో అభిమానం, అపార్థం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చింది. హోదాలో తేడా ఉన్నా, జయంతి ఆత్మాభిమానమే పోరును సమం చేస్తుంది.

శాలీ థోర్న్ ‘ద హేటింగ్ గేమ్’ (2016)కు వచ్చేసరికి హోదాలూ సమానమే. లూసీ, జాషువా ఒకే ప్రచురణ సంస్థలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునే సహాయకులు. ఒకే ప్రమోషన్ కోసం పోటీ పడతారు. లూసీ జ్వరంతో పడిపోతే జాషువా రాత్రంతా కనిపెట్టుకుని ఉంటాడు. పోటీ ఆమె దారికి అడ్డు రాకుండా చివరికి వేరే సంస్థలో ఉద్యోగం చూసుకుంటాడు. అయితే అపహరణలు, బెదిరింపులు ఉన్న కథలు పోలేదు. డార్క్ రొమాన్స్ పేరుతో అవి విడిగా అమ్ముడవుతున్నాయి. హింస ఉందని మొదటి పేజీల్లోనే హెచ్చరించే అలవాటు వాటిలో చాలావాటికి ఉంది.