లాటిన్ పాట, తెల్ల మెట్లు: ఆర్గాన్ కథ మన హార్మోనియం దాకా

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చర్చిలోనో, పద్యనాటకంలోనో హార్మోనియం వాయించేవాళ్ళకి ఈ ఎపిసోడ్ బాగా పనికొస్తుంది.

గ్రెగోరియన్ చాంట్ అంటే కాథలిక్కుల పాత లాటిన్ పాట. అందరూ ఒకే వరసలో పాడతారు. తాళం ఉండదు, మాటల నడకే లయ. మరి దీన్ని ఆర్గాన్ మీదకి ఎలా తెచ్చారు?

‘వేని క్రియాటోర్’నే తీసుకోండి. 9వ శతాబ్దపు పాట. 1524లో లూథర్ జర్మన్‌లోకి తెచ్చాడు. 1699లో ఫ్రాన్స్‌లో గ్రిన్యీ, తర్వాత జర్మనీలో బాహ్, 1930లో దురుఫ్లే దీని మీద ఆర్గాన్ రచనలు చేశారు. గ్రిన్యీ, బాహ్ వాడిన ఒక కిటుకు చెప్తా. అసలు పాటని సాగదీసి కాళ్ళ మెట్లకి ఇచ్చేస్తారు, చేతులు పైన పరుగులు తీస్తాయి. మన సంక్రాంతి ప్రభల్లాగే! కింద మోసే భుజాలు నిదానంగా నడుస్తాయి, చూసేవాడి కన్ను మాత్రం పైనున్న రంగుల మీదే ఉంటుంది.

మనకి పైపుల ఆర్గాన్ లేదు కదా? కానీ హార్మోనియం దాని చుట్టమే. 1840లలో పారిస్‌లో దెబాఁ చేసిన పెట్టె అది. కలకత్తాలో చేతితిత్తి పెట్టి, కింద కూర్చుని వాయించేలా మార్చారు.

అయితే చిక్కు ఒకటుంది. మెట్టు మీద గమకం పలకదు. ఆ కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని పక్కన పెట్టింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ కీర్తనల్ని మన రాగతాళాల్లోనే రాశారు. వాటిని మెట్లకే కట్టేస్తే రాగం పోయి బండ స్వరాలే మిగులుతాయి. చాంట్‌కీ ఇదే ప్రమాదం. మెట్రోనోమ్ పెట్టి కొడితే మాటల నడక చచ్చిపోతుంది.

అందుకే సాధన ఇలా చేయండి. ముందు వాయించొద్దు, పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఈ పాట ‘జి’ మీద ఆగుతుంది, అంటే మన ఐదు శ్రుతి. దాన్ని షడ్జం అనుకుని తెల్ల మెట్లే వరసగా నొక్కండి. వినగానే గుర్తుపడతారు, మన హరికాంభోజి స్వరాలే! రాగం అదే అని కాదు, స్వరస్థానాలు కలిశాయంతే. తర్వాత షడ్జం శ్రుతి పెట్టి, గుర్తు పెట్టిన చోట తిత్తిని కూడా ఊపిరి తీసుకోనివ్వండి. కాలితో తొక్కే పెట్టె ఉంటే రెండు చేతులూ ఖాళీ. ఎడమ చేత్తో పాటని సాగదీసి, కుడి చేత్తో అల్లిక మొదలెట్టండి.

మీ దగ్గర పాత కాలు హార్మోనియం ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఉంటానండీ!